నాన్నకు మళ్ళీ టీబీయా, ఊపిరితిత్తుల్లో ఫంగస్సా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర పల్లెటూరు. మా నాన్నకు 58 ఏళ్ళు, షుగర్ ఉంది. ఎనిమిదేళ్ళ కిందట టీబీ వస్తే ఆరు నెలలు మందులు వాడాం, నయమైంది. ఏడాదిన్నరగా దగ్గు, నీరసం, మనిషి సగమైపోయారు. సంక్రాంతి ముందు గళ్ళలో రక్తం పడింది. గళ్ళ పరీక్షలో టీబీ లేదన్నారు గానీ, ఎక్స్‌రే చూసి తిరగబెట్టినట్టుందని టీబీ మందులు మొదలుపెట్టారు. మూడు నెలలు వాడినా రక్తం ఆగలేదు. నెల్లూరు తీసుకెళ్తే సీటీ స్కాన్ తీసి, పాత టీబీ గుల్లలో ఫంగల్ బాల్ ఉందని ఇట్రాకొనజోల్ రాశారు. టీబీ మందులు ఆపమనలేదు, వాడమనలేదు. ఇప్పుడు టీబీ బిళ్ళలు, ఇట్రాకొనజోల్, గ్యాస్ బిళ్ళ అన్నీ పొద్దున్నే కలిపి వేస్తున్నాం. ఊళ్ళో బ్లాక్ ఫంగస్ అని భయపెడుతున్నారు. మా ఆయన పిల్లల్ని తాత దగ్గరికి పంపొద్దంటున్నారు. ఆపరేషన్ అని ఒకరు, వద్దని ఒకరు. అర ఎకరం అమ్మైనా చేయిస్తాం. నాన్న పొగాకు ఆకు కాల్చే బ్యారన్ పనికి పోతుంటారు, దానివల్లే వచ్చిందా? ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, పొలం సంగతి తర్వాత. ముందు రేపు పొద్దున వేసే బిళ్ళల సంగతి చూద్దాం.

టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటుంటుంది. మూత్రం నారింజ రంగులో పోతుందే, అది దానివల్లే. ఈ మందు లివర్‌ని తొందరపెడుతుంది. అలా తొందరపడ్డ లివర్ ఇట్రాకొనజోల్‌ని రక్తంలో నిలవనీయకుండా విరిచేస్తుంది. మీ నాన్నగారు ఫంగస్ మందు మింగుతున్నారు గానీ, అది ఊపిరితిత్తి దాకా చేరుతున్నది నామమాత్రమే. దానికి తోడు గ్యాస్ బిళ్ళ. మామూలు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కరగాలంటే కడుపులో పులుపు ఉండాలి. గ్యాస్ బిళ్ళ పనే ఆ పులుపుని తగ్గించడం. ఇలా రెండు వైపులా మందుకి దారి మూసేసి, రెండు నెలలాగి ఇది పనిచేయలేదు, ఖరీదైన ఇంజెక్షన్‌కి పోదాం అనుకోవడం నేను చాలాసార్లు చూశాను.

అలాగని ఈ ఉత్తరం చదివి టీబీ బిళ్ళలు మీ అంతట మీరు ఆపొద్దు. నిజంగా టీబీ ఉంటే మధ్యలో ఆపిన మందు రేపు మొండి టీబీ అయి కూర్చుంటుంది. ఈ వారంలోనే పాత టీబీ కార్డు, గళ్ళ రిపోర్టులు, సీటీ ఫిల్ములతో పాటు దాని సీడీ, ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. షుగర్ బిళ్ళ, బీపీ బిళ్ళ, కొలెస్ట్రాల్ బిళ్ళ, దేన్నీ వదలొద్దు. ఒంగోలు రిమ్స్ అయినా సరే, మీరు చూపించుకున్న నెల్లూరు డాక్టరైనా సరే. వెళ్ళి ఒక్క ప్రశ్న అడగండి: రెండోసారి టీబీ అని దేన్నిబట్టి అనుకున్నారు? మొహమాటం అక్కర్లేదు. మంచి డాక్టర్‌కి ఈ ప్రశ్న నచ్చుతుంది.

ఎందుకంటే ఎక్స్‌రే ఒక్కటే టీబీనీ, ఫంగస్‌నీ విడదీయలేదు. పాత టీబీ మచ్చ, కొత్త టీబీ, ఫంగస్ మూడూ అందులో ఇంచుమించు ఒకేలా కనబడతాయి. దగ్గు, బరువు తగ్గడం, రక్తం పడటం కూడా అంతే. టీబీ ఎక్కువున్న దేశం కాబట్టి ముందు దాన్నే అనుమానించడం తప్పేం కాదు. అయితే ఇప్పుడు గళ్ళని సీబీనాట్, ట్రూనాట్ యంత్రాల్లో పెడితే టీబీ క్రిమి జాడ గంటల్లోనే తెలుస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో ఇది ఉచితం. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఒకసారి టీబీ వచ్చి తగ్గినవాళ్ళలో, చచ్చిపోయిన క్రిముల అవశేషాలకే యంత్రం లీలగా పాజిటివ్ చూపించవచ్చు. అప్పుడు కల్చర్ పెట్టి, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూసి, వారాల తరబడి ఆగి తేల్చుకోవాలి. మీ నాన్నగారి విషయంలో ఆ గొడవ కూడా లేదు, పరీక్ష టీబీ లేదనే చెప్పింది. అది మామూలు మైక్రోస్కోపు పరీక్షే అయితే సీబీనాట్‌కి మరోసారి గళ్ళ ఇవ్వండి. పొద్దున లేవగానే లోపల్నుంచి దగ్గి తీసిన గళ్ళ కావాలి, ఉమ్మి పనికిరాదు.

ఇక ఫంగస్ ఎలా వచ్చిందంటారా? ఆస్పర్‌జిల్లస్ అనే ఈ బూజు మట్టిలో, గడ్డివాములో, పేడదిబ్బలో, తడిసిన గోడ మీద ఉండేదే. దాని రేణువులు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. మనందరం రోజూ వందల్లో పీలుస్తుంటాం, ఊపిరితిత్తి వాటిని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. టీబీ తగ్గాక మిగిలిన గుల్లలో మాత్రం ఆ ఊడ్చే పని జరగదు. అక్కడ చేరిన రేణువు మొలిచి, బూజు, చచ్చిన కణాలు, జిగురు కలిసి ఉండ కడుతుంది. 1960ల్లో బ్రిటన్‌లో టీబీ తగ్గి పెద్ద గుల్ల మిగిలినవాళ్ళని పరీక్షిస్తే, దాదాపు నాలుగోవంతు మంది రక్తంలో ఈ ఫంగస్‌కి యాంటీబాడీలు కనిపించాయి. మన దేశంలో దీర్ఘకాలిక ఆస్పర్‌జిల్లస్ జబ్బు ఉన్నవాళ్ళు 2 లక్షల 90 వేల మంది దాకా ఉండొచ్చని చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రి డాక్టర్లు 2011 లెక్కల ఆధారంగా అంచనా వేశారు. వీళ్ళలో ఎందరు గళ్ళలో టీబీ కనబడకపోయినా రెండోసారి, మూడోసారి టీబీ మందులు మింగుతున్నారో అని నాకు ఎప్పుడూ అనుమానమే.

దీన్ని పట్టుకునే పరీక్ష పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఈ ఫంగస్‌కి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలని కొలిచే ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ అనే రక్తపరీక్ష. మూడు నెలలకు పైగా బాధలు, సీటీలో గుల్ల, గోడ మందం కావడం లేదా లోపల ఉండ, ఈ ఐజీజీ ఎక్కువగా ఉండటం, వేరే జబ్బు కాదని తేలడం, ఈ నాలుగూ కలిస్తే రోగం ఖాయం చేస్తారు. ఒంగోల్లో, నెల్లూరులో రక్తం తీసుకుని బయటి పెద్ద ల్యాబుకి పంపే సెంటర్లు ఉంటాయి, పరీక్ష పేరు కాగితం మీద రాయించుకుని వెళ్ళండి. పేరు సగం చెబితే ఐజీఈ చేసి పంపుతారు, అది అలెర్జీకి చేసేది, వేరే. గర్భం పరీక్ష కార్డులాగా రెండు గీతలు చూపించే ఐజీజీ కార్డు కూడా వచ్చింది, అరగంటలో ఫలితం తెలుస్తుంది. అది మన పెద్దాసుపత్రుల్లో టీబీ విభాగం పక్కనే ఉండాల్సిన వస్తువు.

గెలాక్టోమానన్ అని ఇంకో పరీక్ష పేరు వినబడొచ్చు. క్యాన్సర్ మందులు, ఐసీయూ, అవయవ మార్పిడి వంటి కేసుల్లో ఫంగస్ వేగంగా పాకుతుంటే అది బాగా ఉపయోగపడుతుంది. మీ నాన్నగారిలాంటి నిదానపు జబ్బులో రక్తంలో అది తరచూ నెగెటివ్ వస్తుంది. అంతమాత్రాన ఫంగస్ లేదని కాదు. బ్రాంకోస్కోపీ చేసి, అంటే సన్న గొట్టం లోపలికి పంపి, ఊపిరితిత్తిలోంచి తీసిన నీటిలో చేస్తే మాత్రం దానికి కొంత విలువ ఉంటుంది.

మీ సీటీ గురించి ఒక మాట. గుల్లలో గుండ్రటి ఉండ, దాని పైన నెలవంకలా సన్నటి గాలి గీత ఉంటే అది ఫంగల్ బాల్ లక్షణం. బోర్లా పడుకోబెట్టి తీస్తే ఉండ జరిగి రెండో పక్కకి వస్తుంది. క్యాన్సర్ గడ్డ అలా జరగదు. రిపోర్టులో ఆ మాట లేకపోతే అడగండి, ఎందుకంటే 58 ఏళ్ళ వయసులో రక్తం పడితే క్యాన్సర్ కాదని తేల్చుకోవడం కూడా మన పనే. చుట్ట, బీడీ అలవాటుంటే మరీను.

ఇప్పుడు రక్తం సంగతి, అన్నిటికన్నా దీని మీదే నాకు టెన్షన్. గళ్ళలో చార, మరక పడితే రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ బిళ్ళలతో సర్దుకోవచ్చు, డాక్టర్ రాస్తారు. ఒక్కసారే సగం టీ గ్లాసు పడినా, లేదా కొంచెం కొంచెంగానే రోజంతా పడుతున్నా ఇంట్లో కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేలోపు ఆయన్ని జబ్బున్న వైపుకే తిప్పి పడుకోబెట్టండి. గుల్ల కుడి పక్కన ఉంటే కుడి పక్క కిందికి ఉండాలి. అలా అయితే రక్తం మంచి ఊపిరితిత్తిలోకి పారదు. గుల్ల ఏ వైపు ఉందో ఇప్పుడే రిపోర్టు చూసి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, ఆ కంగారులో కాగితాలు వెతుక్కోలేం. గుండెకి మంచిదని ఆస్పిరిన్ బిళ్ళ వాడుతుంటే అది కొనసాగించాలా అని డాక్టర్ని అడగండి.

రక్తం ఆగకపోతే తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్న గొట్టం పంపి, కారుతున్న నాళాన్ని లోపల్నుంచే మూసేస్తారు. దాన్ని ఎంబొలైజేషన్ అంటారు. కోత ఉండదు. చాలామందికి రక్తం వెంటనే ఆగుతుంది. అయితే ఫంగస్ అక్కడే ఉంటే కొన్ని నెలలకు వేరే నాళం నుంచి మళ్ళీ మొదలవుతుంది. అందుకే అది చేయించుకున్నా క్యాప్సూల్స్ మానకూడదు.

ఆపరేషన్ అన్నవాళ్ళు, వద్దన్నవాళ్ళు ఇద్దరూ కరెక్టే కావచ్చు, గుల్లని బట్టి. ఒకే ఒక్క గుల్ల, చుట్టూ ఊపిరితిత్తి బాగానే ఉంది, ఆయాసం లేదు అంటే ఆ భాగం తీసేయడంతో జబ్బు వదిలిపోవచ్చు. అనేక గుల్లలుండి, పాత టీబీ ఊపిరితిత్తిని మడతలు పెట్టేసి ఉంటే ఆపరేషనే ప్రమాదం, అక్కడ మందులే మేలు. ముందు స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేయించి, ఛాతీ సర్జన్‌కి సీటీ సీడీ చూపించండి. మన జిల్లాల వాళ్ళం ఎలాగూ వేలూరు, చెన్నై వెళ్తుంటాం, వెళ్తే సీడీ ఉంటే మళ్ళీ స్కాన్ ఖర్చు తప్పుతుంది. ఎన్టీఆర్ వైద్య సేవలో మీ కేసు వస్తుందో లేదో ఆసుపత్రిలోని వైద్యమిత్రని అడిగి తెలుసుకున్నాకే పొలం మాట ఎత్తండి. అసలు మందులతో నడిచే కేసయితే అమ్మాల్సిన పనే రాదు.

మందు అంటే ఇట్రాకొనజోలే. మెడికల్ షాపులో ఇస్తూ ఇది తామరకి వాడేదే కదా అంటారు. నిజమే, అదే మందు, కానీ తామరకి వారాలు, దీనికి నెలలు. సాధారణంగా 200 మిల్లీగ్రాములు పొద్దున, రాత్రి. ఎంతకాలం అన్నదానికి జవాబు మన దేశం నుంచే వచ్చింది. చండీగఢ్ పీజీఐలో 164 మందిని రెండు జట్లుగా చేసి ఒక జట్టుకి ఆరు నెలలు, ఇంకో జట్టుకి ఏడాది ఇచ్చారు. రెండేళ్ళలో జబ్బు తిరగబెట్టింది ఆరు నెలల జట్టులో 38 శాతం మందికి, ఏడాది జట్టులో 10 శాతం మందికే. 2022లో లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో ఇది అచ్చయింది. వొరికొనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు ఖరీదైనది కాబట్టి ఇంకా మంచిదేమో అనుకుంటారు. అదే పీజీఐ వాళ్ళు రెంటినీ పోల్చి చూస్తే, మొదటిసారి మందు మొదలుపెట్టేవాళ్ళలో అది ఇట్రాకొనజోల్ కంటే మెరుగేమీ కాదని, ఇబ్బందులు మాత్రం ఎక్కువని తేలింది. దానికి తోడు అది వాడితే ఎండకి చర్మం మాడుతుంది. మన ఎండల్లో, పొలం మనిషికి, అది చిన్న ఇబ్బంది కాదు.

క్యాప్సూల్ ఎలా వేయాలి? కడుపు నిండా అన్నం తిన్న వెంటనే. వీలైతే పులుపున్న పానీయంతో. షుగర్ ఉంది కాబట్టి కూల్‌డ్రింక్ వద్దు, చక్కెర లేని నిమ్మరసం నీళ్ళు చాలు. గ్యాస్ బిళ్ళ లేకుండా గడవదంటే, పులుపుతో అంత పనిలేని సుబా ఇట్రాకొనజోల్ అనే రకం ఉంది, దాని డోసు వేరు, డాక్టరే రాయాలి. షాపువాళ్ళు కంపెనీ మార్చి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. క్యాప్సూల్ లోపలి గుళికల్లో కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుందని మన దేశంలో చేసిన పరీక్షల్లోనే బయటపడింది. మొదలుపెట్టిన రెండు వారాలకు రక్తంలో మందు సరిపడా ఉందో లేదో కొలిచే పరీక్ష ఉంది. అందరూ చేయించరు గానీ, మీ కేసులో చేయించాలి. రిఫాంపిసిన్ మానేసినా దాని ప్రభావం దాదాపు రెండు వారాలు ఉంటుంది కాబట్టి, ఆ రెండు వారాలు గడిచాకే ఈ పరీక్షకి రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టండి.

ఈ ఏడాదిలో కనిపెట్టాల్సినవి కొన్ని. కాళ్ళ వాపు, పడుకుంటే ఆయాసం వస్తే గుండె మీద పడుతోందేమో చూడాలి, వెంటనే చెప్పండి. కళ్ళు పచ్చబడటం, వాంతులు అయితే లివర్ పరీక్ష. కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ వాడుతుంటే ఇది తోడై ఒళ్ళు నొప్పులు, కండరాల దెబ్బ రావచ్చు, మార్పించాలి. ఆయాసానికి బ్యూడెసొనైడ్, ఫ్లూటికసోన్ ఉన్న పఫ్ కొడుతుంటే మరీ జాగ్రత్త. ఇట్రాకొనజోల్‌తో కలిస్తే ఆ కొంచెం స్టెరాయిడే ఒంట్లో పేరుకుపోయి మొహం ఉబ్బుతుంది, షుగర్ అదుపు తప్పుతుంది. మందుల సంచి మొత్తం తీసుకెళ్ళమన్నది ఇందుకే.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? సీటీలో ఉండ వెంటనే మాయం కాదు, దాని కోసం ప్రతి నెలా స్కాన్ తీయించి డబ్బు తగలెయ్యొద్దు. నెలకోసారి ఒకే కాటా మీద బరువు చూసి రాసుకోండి. రక్తం పడిన తేదీలు రాసుకోండి. బరువు పెరిగి, దగ్గు తగ్గితే మందు దారిలో ఉన్నట్టే. ఐజీజీ కూడా నెమ్మదిగా దిగుతుంది.

బ్లాక్ ఫంగస్ ఇది కాదు. 2021లో కోవిడ్ తర్వాత షుగర్ రోగుల్ని భయపెట్టిన మ్యూకర్ వేరే జాతి. అది రోజుల్లో పాకుతుంది, ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు, ఆపరేషన్ కావాలి, ఇట్రాకొనజోల్‌తో తగ్గేది కాదు. ఏడాదిన్నరగా నిదానంగా నడిచేది ఆ జబ్బు అయ్యే అవకాశం లేదు. షుగర్ మాత్రం అదుపులో పెట్టండి, ఏ ఫంగస్‌కైనా అది మేతే.

మీవారికి చెప్పండి, ఆస్పర్‌జిల్లస్ మనిషి నుంచి మనిషికి అంటదు. టీబీ లేదని గళ్ళ పరీక్షలో తేలిన రోజు నుంచి పిల్లలు తాత ఒళ్ళో కూర్చోవచ్చు. తేలేదాకా గాలి వెలుతురున్న చోట కూర్చోబెట్టి, దగ్గేటప్పుడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకోమనండి, అంతే.

మీ ఉత్తరంలో లేదు గానీ, ఇది చదివే ఉబ్బసం వాళ్ళకి ఒక మాట. పఫ్‌లు సరిగ్గా వాడినా ఆయాసం లొంగక, గోధుమరంగు గట్టి గళ్ళ ముక్కలు పడుతుంటే అది ఇదే ఆస్పర్‌జిల్లస్‌కి వచ్చే అలెర్జీ కావచ్చు. దానికి కావాల్సింది ఆస్పర్‌జిల్లస్‌కి ప్రత్యేకమైన ఐజీఈ, దాంతోపాటు మొత్తం ఐజీఈ. 2024లో సవరించిన ప్రమాణాల ప్రకారం మొత్తం ఐజీఈ 500 దాటితేనే ఈ జబ్బు వైపు చూస్తారు, ఇదివరకు 1000 అనేవారు. ఇది స్టెరాయిడ్ బిళ్ళలకో, ఇట్రాకొనజోల్‌కో లొంగుతుంది.

కొత్త మందుల గురించి ఫోన్లో వీడియోలు చూసి ఉంటారు. ఐసావుకొనజోల్, పోసాకొనజోల్ ఇప్పటికే ఉన్నాయి, ఇట్రాకొనజోల్ పడనివాళ్ళకి, పనిచేయనివాళ్ళకి పనికొస్తాయి. ఓలోరోఫిమ్, ఫోస్‌మనోజెపిక్స్ లాంటివి ఇంకా పరీక్షల దశలో ఉన్నాయి. వాటి కోసం ఎదురుచూస్తూ చేతిలో ఉన్న మందు మానుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా వేసి, అందులో అతి ముఖ్యమైన నాలుగింటిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్‌ని పెట్టింది. మందుకి మొండికేసే రకాలు పుడుతుండటం అందుకు ఒక కారణం. వరిలో పాముపొడ తెగులుకి కొట్టే హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్, మిరపకి కొట్టే టెబుకొనజోల్, ఇవన్నీ ఇట్రాకొనజోల్ బంధువులే. పొలంలో వాటికి అలవాటు పడిన బూజు ఆసుపత్రి మందుకీ లొంగకపోవచ్చు, అలాంటి రకాలు మన దేశపు మట్టిలోనూ దొరికాయి. మందు రక్తంలో సరిపడా ఉండి కూడా మూడు నాలుగు నెలలకు గుణం కనబడకపోతే, గళ్ళ కల్చర్ పెట్టి ఏ మందుకి లొంగుతుందో చూడమని అడగండి.

చివరికి బ్యారన్ పని. జబ్బు బ్యారన్‌లోనే అంటుకుందని ఎవరూ చెప్పలేరు, గుల్ల ఉన్న ఊపిరితిత్తికి ఏ గాలైనా చాలు. కానీ పేర్చిన ఆకు మండెలు తిప్పేటప్పుడు, బూజు పట్టిన ఆకు విడదీసేటప్పుడు లేచే దుమ్ములో రేణువులు మామూలు గాలిలో కంటే చాలా ఎక్కువ. గడ్డివాము దూయడం, పెంటదిబ్బ తోడటం కూడా అంతే. ఈ సీజన్‌కి గ్రేడింగ్ పనికి పంపొద్దు. ఇంట్లో కూర్చోలేనంటే వేలం కేంద్రం దగ్గర పొగాకు చెక్కుల (బేళ్ళ) లెక్క రాసే పనో, ఆరుబయట పనో చూసుకోమనండి, ముక్కుకి తువ్వాలు కాదు, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. వచ్చే సీజన్ సంగతి ఆరో నెల స్కాన్ చూశాక మాట్లాడుకోవచ్చు. ఐజీజీ రిపోర్టు రాగానే మళ్ళీ రాయండి.